బెంజ్ సర్కిల్ వీసా కన్సల్టెన్సీలకు లైసెన్సు చట్టం కావాలా, వద్దా?

పటమట మాస్టారు · శనివారం, ఉదయం 7:10

అందరికీ నమస్కారం. విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి రామవరప్పాడు రింగు దాకా ఒకసారి తలెత్తి చూస్తూ వెళ్లండి. అమెరికా, కెనడా, జర్మనీ, ఆస్ట్రేలియా జెండాలే జెండాలు. గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల్లోనూ ఇదే వరస. ఈ బోర్డుల వెనక కూర్చున్నవాళ్లకు ఏం అర్హత ఉంది, ఎవరిచ్చారు అని అడిగే ఆఫీసు ఒక్కటీ నాకు కనపడలేదు. ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ నంబరు ఉంటే దుకాణం తెరిచేస్తున్నారు.

నా దగ్గర ఇంటర్ చదివిన కుర్రాడొకడు కెనడా వర్క్ పర్మిట్ అంటే నమ్మి డబ్బు కట్టాడు. కంకిపాడు దగ్గర వాళ్ల నాన్న అరెకరం అమ్మితే వచ్చిన డబ్బు అది. ఇప్పుడు ఆ ఆఫీసు లేదు. వేరే వీధిలో వేరే పేరుతో వాళ్లే మళ్లీ తెరిచారట. స్టేషనుకు వెళ్తే "ఇది సివిల్ మ్యాటర్ కదండీ" అన్నారట.

మన మిర్చి రైతుకు పురుగుమందు అమ్మాలంటే దుకాణదారుడికి సంబంధిత డిగ్రీయో డిప్లొమానో ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. పిల్లాడి జీవితం మీద దరఖాస్తు నింపేవాడికి మాత్రం ఏదీ అక్కర్లేదా? పంజాబులో ఇలాంటి వాళ్లకు లైసెన్సు చట్టం ఉంది. మనకూ కావాలని ఎమ్మెల్యేగారికి ఒక వినతిపత్రం ఇద్దామనుకుంటున్నాను. అందులో ఏం ఉండాలో చెప్పండి.

కృష్ణలంక కుర్రోడు · ఉదయం 7:42

మాస్టారూ, చట్టం వస్తే మామూళ్ల రేటు పెరుగుతుంది, అంతే. ఆ రేటు కూడా మన ఫీజులోనే కలుపుతారు.

గుంటూరు అడ్వకేట్ · ఉదయం 8:30

కుర్రోడుగారి మాట కొట్టిపారేయలేం కానీ, ముందు ఉన్న చట్టం సంగతి చూద్దాం. చట్టం లేదనడం సరికాదు. సగం ఉంది.

1922 నాటి చట్టాన్ని తీసేసి 1983లో ఎమిగ్రేషన్ చట్టం తెచ్చారు. దాని 10వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ లేకుండా విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే పని ఎవరూ చేయకూడదు. రిజిస్ట్రేషన్ కావాలంటే పెద్ద ఏజెన్సీ 50 లక్షల బ్యాంకు గ్యారంటీ పెట్టాలి. అభ్యర్థి దగ్గర 30 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400 మించి తీసుకోకూడదు. కేంద్ర విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో రిజిస్టరైన ఏజెంట్ల జాబితా ఉంది. రిజిస్ట్రేషన్ లేకుండా పట్టుబడిన వాళ్ల జాబితా కూడా ఉంది. ఆ రెండో జాబితాలో పేర్లు 3 వేలు దాటాయి. రాష్ట్రాలవారీగా చూస్తే మనం పైవరుసలోనే ఉన్నాం, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఇక్కడిదాకా బాగానే ఉంది. చిక్కేమిటంటే ఈ చట్టం ఉద్యోగానికి వెళ్లేవాళ్ల కోసమే. చదువుకు వెళ్లే పిల్లలు, పీఆర్‌కు (అక్కడే స్థిరపడే అనుమతికి) దరఖాస్తు చేసేవాళ్లు దీని కిందికి రారు. మస్కట్‌కు డ్రైవర్‌ను పంపేవాడు ప్రభుత్వానికి లక్షల గ్యారంటీ చూపించాలి. డల్లాస్‌కు ఎంఎస్ పిల్లాడిని పంపేవాడు ఏమీ చూపించక్కర్లేదు.

ఇంకో విషయం. రిజిస్ట్రేషన్ లేకుండా ఈ పని చేస్తే 2 ఏళ్ల దాకా జైలు, 2 వేల రూపాయల దాకా జరిమానా. 1983లో 2 వేలంటే పెద్ద మొత్తమే. ఇవాళ ఆ డబ్బుతో వాళ్ల ఆఫీసు ఏసీ కరెంటు బిల్లు కూడా కట్టలేరు.

మాస్టారు చెప్పిన కుర్రాడు వెళ్లాలనుకున్నది ఉద్యోగానికి కాబట్టి అతని కేసు మాత్రం 1983 చట్టం కిందికి వస్తుంది. "సివిల్ మ్యాటర్" అనే మాట అక్కడ చెల్లదు.

అరండల్‌పేట కన్సల్టెంట్ · ఉదయం 9:15

ముందే చెప్పేస్తున్నా, నేనూ ఈ వ్యాపారంలోనే ఉన్నాను. తిట్టేవాళ్లు తిట్టండి, కానీ నా మాట కూడా వినండి.

మా దగ్గర విద్యార్థి నుంచి ఒక్క రూపాయి తీసుకోం. మాకు వచ్చేది యూనివర్సిటీ ఇచ్చే కమిషన్. యూకే, ఆస్ట్రేలియా, కెనడాల్లో చాలా కాలేజీలు మొదటి ఏడాది ఫీజులో కొంత శాతం ఏజెంటుకు ఇస్తాయి. ఇది దొంగతనం కాదు, అక్కడ మామూలుగా జరిగేదే. మోసగాళ్ల వల్ల మాకూ నష్టమే. పక్క సందులో ఎవడో జాబ్ గ్యారంటీ అని ఫ్లెక్సీ కడితే, నిజం చెప్పే నా దగ్గరకు ఎవరూ రారు. "బ్యాక్‌లాగ్స్ ఉన్నాయి, ఆ యూనివర్సిటీ రాదు" అంటే తల్లిదండ్రులు లేచి వెళ్లిపోతారు. పక్కవాడు "అయిపోతుంది సార్" అంటాడు. ఎటు వెళ్తారో మీకే తెలుసు.

లైసెన్సు పెడితే పెద్ద బ్రాంచీలున్న కంపెనీలు తట్టుకుంటాయి. నాలాంటి ఇద్దరు ముగ్గురు స్టాఫ్ ఉన్నవాళ్లు మూసుకోవాలి. మీరు కోరుకునేది అదేనా?

కృష్ణలంక కుర్రోడు · ఉదయం 9:21

అన్నా, ఒక్కటే ప్రశ్న. కమిషన్ ఎక్కువ ఇచ్చే కాలేజీకే పిల్లల్ని తోస్తారన్నది నిజమా, కాదా?

అరండల్‌పేట కన్సల్టెంట్ · ఉదయం 9:34

చాలాచోట్ల నిజమే తమ్ముడూ.

బ్రాంప్టన్ బాబాయ్ · ఉదయం 10:05 (ఇక్కడ అర్ధరాత్రి దాటింది, నిద్ర పట్టక)

మాస్టారి శిష్యుడు కెనడా అన్నాడు కాబట్టి ఇక్కడి సంగతి చెబుతాను. మాది తెనాలి, ఇక్కడికొచ్చి చాలాకాలమైంది.

కెనడాలో ఇమిగ్రేషన్ చట్టం 91వ సెక్షన్ ప్రకారం, డబ్బు తీసుకుని వీసా దరఖాస్తు మీద సలహా ఇవ్వాలంటే లాయరన్నా, పారాలీగలన్నా, క్యుబెక్ నోటరీ అన్నా, కాలేజ్ ఆఫ్ ఇమిగ్రేషన్ కన్సల్టెంట్స్‌లో లైసెన్సు ఉన్నవాడన్నా అయి ఉండాలి. లైసెన్సు లేకుండా చేసి దొరికితే 2 లక్షల డాలర్ల దాకా జరిమానా, 2 ఏళ్ల దాకా జైలు. డబ్బు తీసుకోకుండా చుట్టాలో స్నేహితులో సాయం చేస్తే మాత్రం తప్పు లేదు.

ఇదంతా ఒక్క రోజులో రాలేదండోయ్. 2001లో ఇక్కడి సుప్రీం కోర్టు, లాయర్లు కానివాళ్లు కూడా ఈ పని చేయడానికి కేంద్ర చట్టం ఒప్పుకుంటుందని తీర్పిచ్చింది. మరి వాళ్లను అదుపు చేసేదెవరు? 2000ల మొదట్లో ఒక సంస్థ పెట్టారు. అది పనికిరాదని 2011లో ఇంకోటి పెట్టారు, అదే ఏడాది చట్టాన్నీ బిగించారు. 2017లో పార్లమెంటు కమిటీ ఇదీ పనిచేయడం లేదంది. 2019లో ప్రత్యేకంగా ఇంకో చట్టం చేసి, 2021 నవంబరులో ఇప్పుడున్న కాలేజ్ తెరిచారు. ఇరవై ఏళ్లలో మూడో సంస్థ ఇది. మనవాళ్లు ఒక్క జీవోతో అయిపోతుందనుకుంటే పొరపాటు.

ఇంత చేసినా, బెంజ్ సర్కిల్‌లో కూర్చున్నవాడిని ఇక్కడి పోలీసు వచ్చి పట్టుకోలేడు. అందుకే అక్కడివాళ్లు ఒక పని చేస్తారు. దరఖాస్తులో ఏజెంటు పేరే ఉండదు, కుర్రాడు సొంతంగా నింపుకున్నట్టు పంపిస్తారు. ఇక్కడ వాళ్లను ఘోస్ట్ కన్సల్టెంట్లంటారు. లోపల దొంగ కాగితం ఉంటే ఇరుక్కునేది కుర్రాడే. 40వ సెక్షన్ కింద 5 ఏళ్లు కెనడా గుమ్మం తొక్కలేడు.

ఇంకొకటి. ఎల్ఎంఐఏ (విదేశీయుణ్ని పనిలో పెట్టుకోవడానికి ఇక్కడి కంపెనీకి ప్రభుత్వమిచ్చే అనుమతి) ఇప్పిస్తాం, పీఆర్ పాయింట్లు వస్తాయి అని ఇప్పటికీ అమ్ముతున్నారట అక్కడ. ఎల్ఎంఐఏను కార్మికుడికి అమ్మడమే నేరం. పైగా పీఆర్‌కు పాయింట్లు లెక్కేసే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో జాబ్ ఆఫర్‌కిచ్చే పాయింట్లను 2025 మార్చి 25 నుంచి తీసేశారు. అంటే లేని సరుకును అమ్ముతున్నారన్నమాట.

ఎంఎస్ ఆశావహుడు · ఉదయం 11:18

అన్నలూ, నాకు టెన్షన్ పట్టుకుంది. గుంటూరులో ఒక కన్సల్టెన్సీలో ఫాల్ ఇన్‌టేక్‌కు చేరాను. డీఎస్-160 (అమెరికా వీసా దరఖాస్తు ఫారం) వాళ్లే నింపుతున్నారు, లాగిన్ నాకు ఇవ్వలేదు. బ్యాంకు బ్యాలెన్సు తక్కువ ఉంటే ఫండ్స్ మేం చూపిస్తాం, నెలకు ఇంత వడ్డీ అంటున్నారు. అందరూ ఇలాగే వెళ్తున్నారు కదా, ఏమన్నా అవుతుందా?

డల్లాస్ పద్మజ · ఉదయం 11:50

తమ్ముడూ, ముందు ఆ లాగిన్ తీసుకో. ఇవ్వం అంటే బయటికి వచ్చేసెయ్. డీఎస్-160 సబ్మిట్ చేసేటప్పుడు సంతకం పడేది నీది, కన్సల్టెన్సీది కాదు. ఆ ఫారం చివర్లో "ఇది నింపడానికి ఎవరైనా సాయం చేశారా" అని అడుగుతారు. మనవాళ్లు అక్కడ "నో" కొట్టేస్తారు. అంటే అబద్ధం అక్కడే మొదలైనట్టు.

ఇక ఆ ఫండ్స్ సంగతి. ఉన్న డబ్బు చూపించడం వేరు, వారం రోజులు అద్దెకు తెచ్చిన డబ్బును మా నాన్నదని చెప్పడం వేరు. ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పి వీసాకు ప్రయత్నించారని తేలితే అమెరికా జీవితాంతం నిషేధం వేయొచ్చు. కెనడా 5 ఏళ్లు, యూకే 10 ఏళ్లు అంటాయి. అమెరికాలో గడువే ఉండదు, వేరేగా మినహాయింపు అడుక్కోవాలి.

మన తెలుగువాళ్లు ట్రై-వ్యాలీని అప్పుడే మర్చిపోయారా? 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ఆ దొంగ యూనివర్సిటీ మీద అక్కడి అధికారులు దాడులు చేశారు. అందులో చేరినవాళ్లలో ఎక్కువమంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. నడిపినావిడకు 2014లో 16 ఏళ్ల పైన శిక్ష పడింది, సరే. పిల్లల చదువు ఎవరిచ్చారు? 2019లో ఫార్మింగ్టన్. అది అసలు ప్రభుత్వ ఏజెంట్లే మిషిగన్‌లో పెట్టిన నకిలీ యూనివర్సిటీ. పిల్లల్ని చేర్పించిన 8 మందిని ముందు అరెస్టు చేశారు, వాళ్లలోనూ మనవాళ్లే ఎక్కువ. "మావాడే కదా, మన ఊరివాడే కదా" అనుకుని చేరినవాళ్లే పోయారు.

లెస్టర్ లక్ష్మి · మధ్యాహ్నం 12:20

యూకేలో 1999 చట్టం ప్రకారం వృత్తిగా వీసా సలహా ఇవ్వాలంటే, ఉచితంగా ఇచ్చినా సరే, రిజిస్ట్రేషన్ ఉండాలి. లాయర్లకు వాళ్ల సొంత నియంత్రణ ఉంటుంది. ఆ రిజిస్ట్రేషన్ ఇచ్చే ఆఫీసు పేరు 2025 జనవరిలో ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ అని మార్చారు. లేకుండా చేస్తే 2 ఏళ్ల దాకా జైలు.

అయినా కేర్ వర్కర్ వీసా అని మన జిల్లాల నుంచి ఎంతమంది లక్షలు పోసి వచ్చారో లెక్కే లేదు. వచ్చాక పని లేదు, కంపెనీ స్పాన్సర్ లైసెన్సు పోయింది. 2025 జూలై 22 నుంచి కేర్ వర్కర్లను బయటి దేశాల నుంచి కొత్తగా తీసుకోవడమే ఆపేశారు. ఇంకా ఎవరైనా ఆ పేరుతో డబ్బు అడిగితే మాట్లాడకుండా లేచి వచ్చేయండి.

ఆక్లాండ్ అల్లుడు · మధ్యాహ్నం 12:55

బాబాయ్ చెప్పిన "విదేశీ పోలీసు బెంజ్ సర్కిల్‌కు రాలేడు" అన్న మాటకు న్యూజిలాండ్ ఒక దారి పట్టింది. 2007 చట్టం ప్రకారం న్యూజిలాండ్ వీసా మీద ప్రపంచంలో ఎక్కడ కూర్చుని సలహా ఇచ్చినా లైసెన్సు ఉండాలి. 2010 మే నుంచి బయటి దేశాల్లో ఉన్నవాళ్లకూ వర్తించింది. పేరు చెప్పి వెబ్‌సైట్లో వెతికితే లైసెన్సు ఉందో లేదో తెలుస్తుంది. లైసెన్సు లేనివాడు చేసిన దరఖాస్తని తెలిస్తే వెనక్కి పంపేస్తారు.

కానీ అందులో ఒక మినహాయింపు ఉంది. న్యూజిలాండ్ బయట ఉండి కేవలం స్టూడెంట్ వీసాల మీద మాత్రమే సలహా ఇచ్చేవాడికి లైసెన్సు అక్కర్లేదు. విజయవాడలో జరిగేదంతా స్టూడెంట్ వీసాలే కదా! ఇల్లంతా తాళాలేసి వీధి తలుపు తీసిపెట్టారు.

ఆస్ట్రేలియాదీ ఇలాంటిదే. అక్కడ లోపల ఉండి లైసెన్సు లేకుండా డబ్బు అడిగితే 10 ఏళ్ల దాకా జైలు అని రాసుకున్నారు. ఇండియాలో ఉన్నవాడు మాత్రం రిజిస్టరు కానక్కర్లేదు. రిజిస్టరైన ఏజెంటుకు 7 అంకెల నంబరు ఉంటుంది, అది అడగడం మాత్రం మర్చిపోవద్దు.

పటమట మాస్టారు · మధ్యాహ్నం 1:40

అంటే ఏ దేశం చట్టం చూసినా మన ఊరి పిల్లాడు ఊరు దాటే దాకా ఎవరికీ పట్టడన్నమాట. ఈ ఖాళీ మనమే పూడ్చుకోవాలి. అడ్వకేట్‌గారూ, రాష్ట్రం చేయగలదా ఇది? వీసాలు కేంద్రం పరిధి కదా?

మోడరేటర్ · మధ్యాహ్నం 1:45

ఇద్దరు సభ్యులు కన్సల్టెన్సీల పేర్లు, యజమానుల ఫోన్ నంబర్లతో పోస్టులు పెట్టారు. తీసేశాను. ఫిర్యాదు ఉంటే పోలీసులకు ఇవ్వండి, ఇక్కడ పేర్లు వద్దు.

గుంటూరు అడ్వకేట్ · మధ్యాహ్నం 2:30

మంచి ప్రశ్న మాస్టారూ. రాజ్యాంగం ఏడో షెడ్యూలు, కేంద్ర జాబితా, 19వ అంశం: వలస, పాస్‌పోర్టులు, వీసాలు. కాబట్టి ఎవరు వెళ్లాలి, ఎవరు వెళ్లకూడదు అని రాష్ట్రం చెప్పలేదు. కానీ మన ఊళ్లో దుకాణం పెట్టి జనం దగ్గర ఫీజు వసూలు చేసే వ్యాపారాన్ని అదుపు చేయడం రాష్ట్రం చేతిలోనిదే. పంజాబు 2012లో చేసింది అదే. ట్రావెల్ ఏజెంటు, కన్సల్టెన్సీ, ఐఈఎల్‌టీఎస్ కోచింగు, టికెట్లు, అన్నీ ఒకే చట్టంలో పెట్టి జిల్లా డిప్యూటీ కమిషనర్ దగ్గర లైసెన్సు తీసుకోమన్నారు. హర్యానా 2025లో చేసింది.

కేంద్రం 2019లో, 2021లో కొత్త బిల్లుల ముసాయిదాలు పెట్టింది. 2025 అక్టోబరులో ఓవర్సీస్ మొబిలిటీ బిల్లు పేరుతో ఇంకో ముసాయిదా మీద అభిప్రాయాలు అడిగింది. అది వచ్చేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు.

కృష్ణలంక కుర్రోడు · మధ్యాహ్నం 2:52

పంజాబు పంజాబు అంటున్నారు. 2025 ఫిబ్రవరి 5న అమెరికా వెనక్కి పంపిన 104 మంది మనవాళ్లను మిలిటరీ విమానం సంకెళ్లతో తెచ్చి ఎక్కడ దించింది సార్? అమృత్‌సర్‌లో. అప్పటికి ఆ చట్టం వచ్చి పన్నెండేళ్లు. విమానం దిగాక సిట్ వేశారు, లైసెన్సులు రద్దు చేశారు. అన్నేళ్లూ ఎవరు చూశారు?

గుంటూరు అడ్వకేట్ · మధ్యాహ్నం 3:05

మీరన్నది నిజం. అందుకే లైసెన్సు ఒక్కటే అడగడం నాకూ ఇష్టం లేదు. లైసెన్సు అధికారికి పని. బాధితుడి చేతికి కూడా ఏదన్నా దొరకాలి.

డల్లాస్ పద్మజ · మధ్యాహ్నం 3:30

దానికి కాలిఫోర్నియా చూడండి. అమెరికా అంతటా ఇమిగ్రేషన్ మీద చట్టపరమైన సలహా లాయర్లు, న్యాయశాఖ గుర్తింపు ఇచ్చిన ప్రతినిధులు మాత్రమే ఇవ్వాలి. అయితే కాలిఫోర్నియా రాష్ట్రం ఇమిగ్రేషన్ కన్సల్టెంట్లకు విడిగా చట్టం పెట్టింది. క్లయింటు చెప్పింది ఫారంలో రాయడం, అనువాదం చేయడం, కాగితాలు తెచ్చిపెట్టడం వరకే వాళ్ల పని. ఏ వీసాకు వెళ్లాలో చెప్పకూడదు. లక్ష డాలర్ల బాండు కట్టాలి, మోసం చేస్తే బాధితుడు ఆ బాండు నుంచి రాబట్టుకోవచ్చు. ఒప్పందం రాతపూర్వకంగా, ఇంగ్లీషులోనూ క్లయింటు భాషలోనూ ఉండాలి. సంతకం పెట్టిన 72 గంటల్లోపు ఏ కారణం చెప్పకుండా రద్దు చేసుకోవచ్చు.

మన దగ్గర ఒప్పందం అంటే ఇంగ్లీషులో సన్నటి అక్షరాల నాలుగు పేజీలు. "ఫీజు తిరిగి ఇవ్వబడదు" అన్నది ఎక్కడో మూడో పేజీలో ఉంటుంది. మా అమ్మానాన్నల్లాంటి వాళ్లు చదివేదెలా?

ఇక హెచ్-1బీ (అమెరికా ఉద్యోగ వీసా) కోసం డబ్బు కట్టమనే కన్సల్టెన్సీల గురించి ఒక్క మాట. ఆ పిటిషన్‌కు అయ్యే లాయరు ఫీజు, ట్రైనింగ్ ఫీజు కంపెనీయే పెట్టుకోవాలని కార్మికశాఖ నిబంధన. ప్రాజెక్టు లేదని జీతం ఆపడం కూడా కుదరదు. అడిగితే అక్కడి కార్మికశాఖకు ఫిర్యాదు చేయొచ్చు.

మస్కట్ రిటర్న్ · సాయంత్రం 4:15

మీరందరూ ఎంఎస్, పీఆర్ అంటున్నారు, మా సంగతి కూడా కాస్త చూడండి. నేను గల్ఫ్‌లో చాలా ఏళ్లు డ్రైవింగ్ చేసి వచ్చాను. చట్టం ఉందన్నారు కదా మాకు, 35,400 అని. ఆ అంకె ఊళ్లో ఎవడికీ తెలియదు. ఎందుకంటే మా దగ్గరికి వచ్చేది ఏజెన్సీ కాదు, ఊరి సబ్ ఏజెంటు. ఆయన పక్క ఊరి చుట్టమో, ఒకప్పుడు దుబాయ్‌లో చేసినవాడో అయి ఉంటాడు. లక్ష అడుగుతాడు, చేతికి క్యాష్, రసీదు ఉండదు. రిజిస్టర్డ్ ఏజెంటుకు అలా సబ్ ఏజెంట్లను పెట్టుకునే వీలు చట్టంలోనే లేదు, అయినా ఊరూరా ఉన్నారు.

విజిట్ వీసా మీద పంపి అక్కడికెళ్లాక వర్క్ వీసాగా మారుస్తామంటారు. అప్పుడు ఎమిగ్రేషన్ క్లియరెన్సు, కాంట్రాక్టు, ఇన్సూరెన్సు ఏవీ ఉండవు. ఇంటి పనికి వెళ్లే ఆడవాళ్లకు ఆ దేశాలకు 30 ఏళ్లు నిండాలని నిబంధన ఉంది, వయసు మార్చి పంపినవాళ్లను నేనే చూశాను. మొన్నటికి మొన్న 2024లో డేటా ఎంట్రీ ఉద్యోగమని పిల్లల్ని కంబోడియా పంపి సైబర్ మోసాలు చేయించారని విశాఖ పోలీసులు ఏజెంట్లను పట్టుకున్నారు. వాళ్లూ "కన్సల్టెన్సీ"లే. మీ వినతిపత్రంలో సబ్ ఏజెంటు సంగతి తప్పకుండా రాయండి మాస్టారూ.

పెనమలూరు అమ్మ · సాయంత్రం 5:02

మా అబ్బాయికి జర్మనీ జాబ్ అని 4 లక్షలు కట్టాం. కొంత ఫోన్‌పేలో, మిగతాది చేతికిచ్చాం. రసీదు ఇవ్వలేదు. ఏడాదైంది, "ఎంబసీలో పెండింగ్" అంటున్నారు. మావారు కేసు వద్దు, పరువు పోతుంది, ఉన్నదీ రాదు అంటున్నారు. ఏమైనా దారి ఉందా బాబూ?

గుంటూరు అడ్వకేట్ · సాయంత్రం 5:40

ఉంది అమ్మా, భయపడకండి. మూడు వైపుల నుంచి వెళ్లొచ్చు.

ఇది ఉద్యోగం కేసు కాబట్టి ముందు ఈ-మైగ్రేట్‌లో వాళ్ల పేరు వెతికించండి. లేకపోతే అదే ఒక నేరం. 1983 చట్టం కింద కేసు పెట్టాలంటే మామూలుగా కేంద్రం అనుమతి కావాలి, పోలీసులు అక్కడే ఆగిపోతుంటారు. కానీ 27వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది. వెళ్లాలనుకున్న వ్యక్తే ఫిర్యాదు చేసినా, అతని తరఫున తల్లి, తండ్రి, భార్య, భర్త, తోబుట్టువులు చేసినా ఆ అనుమతి అక్కర్లేదు. అంటే మీరు ఇవ్వొచ్చు. ఆ సెక్షన్ నంబరు కాగితం మీద రాసుకుని వెళ్లండి. హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్‌కు (ఈ చట్టాన్ని చూసే కేంద్ర అధికారికి) కూడా ఒక కాపీ పంపండి.

రెండోది, మోసం. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద 7 ఏళ్ల దాకా శిక్ష ఉంది. పాత 420కి బదులు వచ్చింది ఇదే.

మూడోది, వినియోగదారుల కమిషన్. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపు ఉంటే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, 5 లక్షల లోపు అయితే కోర్టు ఫీజు లేదు. వాళ్ల ఆఫీసు ఎక్కడున్నా మీరుండే జిల్లాలోనే వేసుకోవచ్చు. లాయరు తప్పనిసరి కాదు. ఒక్కటే గడువు: 2 ఏళ్లు. మీకు ఒక ఏడాది అయిపోయింది, కాబట్టి ఇక ఆలస్యం వద్దు.

రసీదు లేదని దిగులుపడకండి. ఫోన్‌పే స్టేట్‌మెంటు, వాట్సాప్ మెసేజ్‌లు, "పెండింగ్" అని వాళ్లు పెట్టిన వాయిస్‌లు అన్నీ సాక్ష్యమే. ఫోన్ మార్చొద్దు, చాట్ డిలీట్ చేయొద్దు. ఇవాళే "మిగతా డబ్బు చేతికిచ్చాం కదా, ఎప్పుడిస్తారు" అని ఒక మెసేజ్ పెట్టండి. దానికి వాళ్లిచ్చే జవాబు కూడా పనికొస్తుంది.

అరండల్‌పేట కన్సల్టెంట్ · సాయంత్రం 6:25

పొద్దున నేను లైసెన్సు వద్దన్నట్టు మాట్లాడాను, ఎందుకో చెప్పాను కూడా. డిపాజిట్టు, తెలుగు ఒప్పందం అంటే నాకు అభ్యంతరం లేదు. కానీ 50 లక్షల గ్యారంటీ మాలాంటి వాళ్ల మీద పెట్టకండి. ఎంత ఫీజు వసూలు చేస్తే దాన్నిబట్టి డిపాజిట్టు అనండి. విద్యార్థి నుంచి ఏమీ తీసుకోనివాడికి తక్కువ, లక్షలు ముందే కట్టించుకునేవాడికి ఎక్కువ. కమిషన్ సంగతి కూడా బయటపెట్టమనండి, నేను రేపటి నుంచే గోడ మీద అంటిస్తాను. అందరూ అంటించాలి మరి, నేనొక్కడినే అంటిస్తే నా షాపు ఖాళీ.

బ్రాంప్టన్ బాబాయ్ · సాయంత్రం 6:50

ఇది మంచి మాట. ఇంకోటి కలపండి మాస్టారూ. దరఖాస్తు ఎవరు నింపితే వాళ్ల పేరు, సంతకం దాని కాపీ మీద ఉండాలి, ఆ కాపీ క్లయింటుకు ఇవ్వాలి. దొంగ దరఖాస్తు అని తేలిన రోజున "వాడే నింపుకున్నాడు" అని తప్పించుకోకుండా ఉంటారు. ఇక్కడ ఘోస్ట్ కన్సల్టెంట్లను పట్టుకోలేక చస్తున్నది అందుకే.

ఎంఎస్ ఆశావహుడు · రాత్రి 7:30

పద్మజక్కా, లాగిన్ అడిగాను. మొదట ఇవ్వలేదు, నాన్న వచ్చి కూర్చుంటే ఇచ్చారు. తెరిచి చూస్తే నేను చేయని ఇంటర్న్‌షిప్ ఒకటి రాసి ఉంది. ఇంకా సబ్మిట్ చేయలేదు. తీసేసి నేనే నింపుకుంటున్నా. ఫండ్స్‌కు బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ శాంక్షన్ లెటర్ పెట్టొచ్చట కదా?

డల్లాస్ పద్మజ · రాత్రి 7:41

పెట్టొచ్చు తమ్ముడూ, చాలామంది వెళ్తున్నది దానితోనే. ఇంటర్వ్యూలో లోన్ ఎంత, వడ్డీ ఎంత, ఎవరి ఆస్తి తాకట్టు అని అడిగితే తడబడకుండా చెప్పు.

పటమట మాస్టారు · రాత్రి 8:30

అందరికీ ధన్యవాదాలు. రాసింది ఇక్కడ పెడుతున్నాను, తప్పులుంటే చెప్పండి.

"విదేశాలకు చదువు, ఉద్యోగం, స్థిర నివాసం పేరుతో ఫీజు గానీ కమిషన్ గానీ తీసుకునే ప్రతి సంస్థా జిల్లాలో రిజిస్టరు కావాలి. వసూలు చేసే ఫీజును బట్టి డిపాజిట్టు ఉంచాలి. బాధితుడికి డబ్బు ఆ డిపాజిట్టు నుంచి ఇప్పించాలి. ఒప్పందం తెలుగులో ఉండాలి, మూడు రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కు ఉండాలి. ఏ విద్యాసంస్థ నుంచి ఎంత కమిషన్ వస్తుందో ముందే రాసి ఇవ్వాలి. దరఖాస్తు నింపినవారి పేరు, సంతకంతో కాపీ, ఆన్‌లైన్ లాగిన్ క్లయింటుకు ఇవ్వాలి. ఊళ్లలో మధ్యవర్తులు చేసిన పనికి సంస్థే బాధ్యత వహించాలి. రిజిస్ట్రేషన్ రద్దయిన వ్యక్తి వేరే పేరుతో తెరవకుండా యజమాని వివరాలతో జాబితా అందరికీ కనపడేలా పెట్టాలి."

గుంటూరు అడ్వకేట్ · రాత్రి 8:52

బాగుంది మాస్టారూ. రెండు మార్పులు. "యజమాని" అని ఒక్కటే రాస్తే భార్య పేరుతో, బావమరిది పేరుతో తెరుస్తారు. "యజమాని, భాగస్వాములు, నడిపించే వ్యక్తులు" అని రాయండి. "బాధితుడికి ఇప్పించాలి" దగ్గర ఎన్ని రోజుల్లో అన్నది పెట్టండి, 90 రోజులు అందాం. రోజులు లేని నిబంధన ఫైల్లోనే ముసలిదవుతుంది.

మస్కట్ రిటర్న్ · రాత్రి 9:10

మాస్టారూ, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మావాళ్లు మా మండలంలోనే చాలామంది ఉన్నారు. సంతకాల కాగితం పంపండి, నేను తిప్పుతాను.

కృష్ణలంక కుర్రోడు · రాత్రి 9:26

నాకింకా నమ్మకం లేదు. అయినా సంతకం పెడతా. ఎప్పుడు, ఎక్కడికి రావాలో చెప్పండి.

పటమట మాస్టారు · రాత్రి 9:40

అడ్వకేట్‌గారు చెప్పిన మార్పులు చేశాను. వచ్చే ఆదివారం ఉదయం పది గంటలకు పటమట లైబ్రరీ దగ్గర కలుద్దాం. పెనమలూరు అమ్మగారూ, మీరు మీ ఫోన్‌పే స్టేట్‌మెంట్ ప్రింటు తీసుకుని రండి. అడ్వకేట్‌గారు వస్తానన్నారు, మీ ఫిర్యాదు అక్కడే కూర్చుని రాసేద్దాం.